యంత్రము వ్రాసికొన్న మన వివరము

(హోసూరులో జరిగిన నెలవారీ సభయందు ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠము)



కృత్రిమ మేధను గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. నేను ఇంజనీరును కాను. ముప్పది సంవత్సరములు లెక్కలు వ్రాసి విశ్రాంతి తీసికొన్నవాడను. పద్దుపుస్తకములో తప్పు పడినచో దానిని ఎట్లు దిద్దవలెనో ఎఱుగుదును. ఆ మేరకే నేడు మాటలాడెదను.

గత సంవత్సరము మా మనుమరాలు నా ఫోనులో ఒక ఏజెంటును అమర్చి యిచ్చినది. ఏజెంటనగా ప్రశ్నకు జవాబు చెప్పి ఊరకుండునది కాదు. జాబు వ్రాయును, రైలు వేళలు వెదకును, అప్పగించిన పనిని నాలుగైదు మెట్లలో తానే నెరవేర్చును. కొన్ని వారములు బాగుగనే సాగినది. పిదప నేను ఇంగ్లీషులో టైపు చేసి మా యింటి శుభలేఖకు ముసాయిదా అడుగగా, తమిళములో వచ్చినది. తమిళముపై నాకు కినుక లేదు. బడిలో చదివిన భాష అదే. కాని మా యింట శుభలేఖ తెలుగులోనే వేయుట ఆచారము. రెండవసారి అడిగినను తమిళమే వచ్చినది.

మనుమరాలు సెట్టింగులు తెరచి చూపగా, అందు నన్ను గూర్చి ఒక చిన్న జాబితా కనబడినది. ‘హోసూరు నివాసి. మాతృభాష తమిళము.’ ఊరినిబట్టి భాషను ఊహించినదన్నమాట. ‘మాది తెలుగు’ అని టైపు చేసితిని. మరునాడు చూడగా ఆ పంక్తి క్రింద మరియొకటి చేరియున్నది: ‘ఆంధ్రప్రదేశమునుండి వలస వచ్చిన కుటుంబము.’ మా తాతగారి తాతగారు ఇక్కడి చెఱువు క్రిందనే సేద్యము చేసినవారు. ఇక వలస యెక్కడిది? మొదటి పంక్తియో, చెక్కుచెదరక అట్లే యున్నది!

ఇట్లేల జరిగినది? ఈ యంత్రమునకు ఒక సంభాషణ ముగిసినపిమ్మట దానంతటదిగా ఏమియు గుర్తుండదు. మనము జ్ఞాపకమని పిలుచునది వేరొకచోట దాచిన వ్రాత. క్రొత్త సంభాషణ మొదలగునపుడు ఆ వ్రాతను దాని యెదుట ఉంచుదురు. అది చదివికొని, మనలను చిరకాలముగా ఎఱిగినట్లు మాటలాడును. యంత్రము ఒకేసారి చదువగల వ్రాతకు హద్దు గలదు. అందువలన 2023 అక్టోబరులో అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు మెమ్‌జీపీటీ అను పద్ధతిని ప్రకటించిరి. ఎల్లప్పుడు కన్నులయెదుట నుండు కొద్దిపాటి వ్రాత ఒకటి, అవసరమైనపుడు వెదకి తీయు పెద్ద నిలువ మరియొకటి. మొదటిదానిలో చేర్చుటకును, ఉన్న మాట తీసి వేరొకటి పెట్టుటకును యంత్రమునకే అధికారమిచ్చిరి.

2025 సెప్టెంబరులో ఆంత్రోపిక్ సంస్థ, ఏజెంట్లను నిర్మించువారికొఱకు విడుదల చేసిన జ్ఞాపక సాధనము ఇంకను సులభముగా బోధపడును. అందు జ్ఞాపకములు మామూలు ఫైళ్లు. వానిని చూడవచ్చును, క్రొత్తవి వ్రాయవచ్చును, ఒక మాటకు బదులు మరియొకటి పెట్టవచ్చును, నడుమ పంక్తి చేర్పవచ్చును, తొలగింపవచ్చును, పేరు మార్పవచ్చును. ఈ ఆరు ఆజ్ఞలే. మార్చుటకు పాత మాటను ఉన్నదున్నట్లు చూపవలెను.

దిద్దు సాధనమున్నది, సంతోషము. కాని కలము ఎవరి చేత నున్నది? రిజిస్ట్రేషను పత్రములో ఒక మాట కొట్టివేసినచో, ఆ కొట్టివేత ప్రక్కన చేవ్రాలు ఉండవలెను. పద్దుపుస్తకములో పాత అంకె కనబడునట్లు గీత గీసి, పైన క్రొత్తది వ్రాసెడివారము. రబ్బరుతో తుడిచిన గుమాస్తాకు చీవాట్లు తప్పెడివి కావు. నేను చూచిన జాబితాలో మాత్రము ఏ పంక్తి ఎన్నడు చేరెనో, ఎందువలన చేరెనో తెలియు గుర్తే లేదు. కొన్ని పంక్తులు తప్పు కావు, కాలము తీరినవి. వైద్యులు మార్చివేసిన రక్తపోటు మాత్ర పేరు అందు పాతదే నిలిచియున్నది. భాష తప్పినచో శుభలేఖ చింపివేయవచ్చును. మందు తప్పినచో ఏమి చేయుదుము?

పరులు వ్రాయు భయమును కలదు. చాట్‌జీపీటీలో జ్ఞాపక సౌకర్యమును 2024 ఫిబ్రవరిలో పరీక్షగా ప్రవేశపెట్టిరి. ఆ సంవత్సరమే ఒక భద్రతా పరిశోధకుడు, యంత్రము చదువు పత్రములో ఆజ్ఞలు దాచి, దానిచేత అబద్ధపు జ్ఞాపకములు వ్రాయింపవచ్చునని చూపెను. అట్లు చేరిన పంక్తి ఆ సంభాషణతో పోదు, తరువాతివానిలోనికిని వచ్చును. మరియొక సంగతి. అందు జ్ఞాపకమును తొలగించినంతమాత్రమున అది పుట్టిన సంభాషణ చెరగదు; రెంటిని విడివిడిగా తొలగింపవలెను. 2025 ఏప్రిలునుండి అది పాత సంభాషణలను గూడ ఆధారము చేసికొనుచున్నది గనుక, జాబితా శుభ్రముగా నున్నదని నిశ్చింతగా నుండరాదు.

నేను ఆ రెండు పంక్తులను తీసివేయించి, ‘హోసూరులో తరతరములుగా నున్న తెలుగు కుటుంబము, శుభలేఖలు తెలుగులో, ఆఫీసు జాబులు తమిళములో’ అని వ్రాయించితిని. మాత్ర పేరును మార్చియుంచక, పూర్తిగా తొలగించితిని. అది వైద్యుల చీటీలో నున్నచాలును. శుభలేఖ తెలుగులోనే వచ్చినది. మా యింటిపేరులో దీర్ఘమొకటి తప్పగా దానిని కలముతో దిద్దితిమి.

ఫలహారము పిమ్మట, ఫోనులు తెచ్చినవారు ఈ బల్లయొద్దకు రండి. మా మనుమరాలు కూడ వచ్చినది; ఆ జాబితా ఎక్కడ దాగియుండునో చూపును.