కమిట్ చెప్పేముందు ఒక్కసారి చూడండి
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



లెడ్జర్లు రాసిన రోజుల్లో ముందు పెన్సిలుతో మొత్తాలు వేసి, సరిచూసుకున్నాకే సిరాతో ఖాయం చేసేవాళ్లం. కంప్యూటరు డేటాబేసులోనూ ఆ పద్ధతి ఉంది. ఒక ఖాతాలో తగ్గించి మరో ఖాతాలో కలపడం, ఈ రెండూ కలిసి ఒకే ట్రాన్సాక్షన్. 'కమిట్' అంటే రెండూ ఖాయం. 'రోల్‌బ్యాక్' అంటే రెండూ రద్దు.

అయితే ఆజ్ఞలు టైపు చేసే ప్రోగ్రాములన్నీ ఒకే తీరు కాదు. ఒరాకిల్ వారి ఎస్‌క్యూఎల్ ప్లస్ మామూలుగా మనం కమిట్ చెప్పేదాకా ఆగుతుంది. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌ల ప్రోగ్రాములు ప్రతి ఆజ్ఞనూ అప్పటికప్పుడే ఖాయం చేస్తాయి. దీన్నే ఆటోకమిట్ అంటారు.

ఒక పెన్షనరు మొత్తం సవరించబోయి 'వేర్' అనే షరతు మరిచి ఎంటర్ నొక్కితే, పట్టికలో అందరి మొత్తాలూ మారిపోతాయి. ఆటోకమిట్ ఉంటే ఇక రోల్‌బ్యాక్ పనిచేయదు, బ్యాకప్పే దిక్కు. కనుక ఆ రెండింటిలో ముందు 'బిగిన్' అని మొదలుపెట్టాలి. ఎన్ని వరుసలు మారాయో తెర మీద చూడాలి. ఒకటి అని చూపితే కమిట్, వెయ్యి అని చూపితే రోల్‌బ్యాక్.

ఇంకొకటి. కమిట్ చెప్పకుండా ఎగ్జిట్ కొడితే ఎస్‌క్యూఎల్ ప్లస్ మామూలుగా ఖాయం చేసి మూసుకుంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో బిగిన్ తర్వాత అలా బయటికొస్తే చేసిన పని రద్దవుతుంది.

మన పిల్లలెందరో ఈ పనుల్లో ఉన్నారు. సంతకానికి ముందు మరోసారి చూసే మన అలవాటును వారికి అప్పగిద్దాం. సెలవు.