వేడి ఎటు పోతుంది?



బడి నుంచి వచ్చిన పిల్ల పుస్తకం తెరిచి, "అమ్మా, ఉష్ణం అంటే ఏంటి?" అని అడుగుతుంది. "నాకేం తెలుసే? మీ టీచరునడుగు" అంటుంది తల్లి. ఆ తల్లికి తెలియదా? రోజూ పొయ్యి దగ్గర పనిచేసే మనిషికి వేడి సంగతి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? తెలిసినదాన్ని పిల్లలకు చెప్పే పద్ధతి పట్టుబడితే చాలు.

ముందు ఒక్క మాట గుర్తుంచుకోండి. ఎక్కువ వేడిగా ఉన్న చోటు నుంచి తక్కువ వేడిగా ఉన్న చోటుకే వేడి పోతుంది. నీళ్లు పల్లానికి పోయినట్టే. ఐసుగడ్డ పట్టుకుంటే చలి చేతిలోకి వస్తుందని పిల్లలు అనుకుంటారు. అలా కాదు. చేతిలోని వేడే ఐసులోకి పోతుంది. అందుకే చెయ్యి చల్లబడుతుంది, ఐసు కరుగుతుంది.

వేడి పోయే దారులు మూడు.

మొదటి దారి పాకడం. గ్లాసుడు వేడినీళ్లు తీసుకోండి. అందులో ఒక స్టీలు చెంచా, ఒక చెక్క గరిటె నిలబెట్టండి. రెండు కాడలకూ ఒకే ఎత్తున పేరుకున్న నెయ్యి కొంచెం రాయండి. దాని మీద ఒక్కో పెసరగింజ అంటించండి. "ఏ గింజ ముందు పడుతుంది?" అని పిల్లల్ని అడగండి. తప్పు చెప్పినా కసరకండి. ఏది పడుతుందో వాళ్లే చూస్తారు. స్టీలులో వేడి పైకి పాకి నెయ్యి కరుగుతుంది. చెక్కలో వేడి అంత తొందరగా పాకదు. దీని పేరు ఉష్ణవహనం. రాగిలో వేడి ఇంకా బాగా పాకుతుంది. కొన్ని స్టీలు గిన్నెల అడుగున రాగి వేసేది అందుకే.

రెండో దారి మోసుకుపోవడం. అన్నం ఉడికేటప్పుడు గింజలు పైకి లేస్తాయి, మళ్లీ కిందికి దిగుతాయి. అడుగున కాగిన నీళ్లు తేలికై పైకి వస్తాయి. పైనున్న నీళ్లు కిందికి దిగుతాయి. ఇలా నీళ్లే వేడిని మోసుకుపోతాయి. దీని పేరు ఉష్ణసంవహనం. గాలి కూడా ఇంతే. పొయ్యి మీద పొగ పైకి లేచేది ఇందుకే.

మూడో దారి దూరం నుంచే తగలడం. పొయ్యికి ఎదురుగా కూర్చుంటే మొహం వేడెక్కుతుంది. చేట అడ్డం పెట్టుకుంటే తగ్గుతుంది. సూర్యుడు దాదాపు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఆ దారిలో మోసుకొచ్చేందుకు గాలి లేదు, నీరు లేదు. అయినా ఎండ తగులుతుంది. దీని పేరు ఉష్ణవికిరణం.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. దుప్పటి వేడినిస్తుందా? ఇస్తుందనే అంటారు చాలామంది పిల్లలు. సరే, చూద్దాం. రెండు ఐసుముక్కలు తీసుకోండి. ఒకటి గిన్నెలో పెట్టండి. రెండోది అలాంటి గిన్నెలోనే పెట్టి దుప్పట్లో చుట్టండి. "దుప్పట్లోదే ముందు కరుగుతుంది" అంటారు పిల్లలు. కాసేపాగి విప్పితే, బయట ఉన్నదే ఎక్కువ కరిగి ఉంటుంది. దుప్పటి వేడిని పుట్టించదు. వేడి పోయే దారికి అడ్డం పడుతుంది, అంతే. ఐసుగడ్డను రంపపు పొట్టులో దాచేది కూడా ఇందుకే.

ఈ చదువు పరీక్షకే కాదు, ప్రాణానికీ పనికొస్తుంది. మనిషి ఒంటి వేడి మామూలుగా 37 డిగ్రీలు ఉంటుంది. జ్వరంతో కాలిపోతున్న బిడ్డకు నాలుగు దుప్పట్లు కప్పితే ఆ వేడి ఎటు పోవాలి? పలచని బట్ట వేయండి, గాలి తగలనివ్వండి. ఆసుపత్రికి చూపించండి.

బిడ్డ మీద గంజి ఒలికిందనుకోండి. కొందరు సిరా పోస్తారు, కొందరు పేస్టు పూస్తారు. అవి వద్దు. గంజి తుడిచేసినా వేడి చర్మం లోపలికి పాకుతూనే ఉంటుంది. దాన్ని బయటికి లాగాలి. వెంటనే కాలిన చోట మామూలు చల్లటి నీళ్లు 20 నిమిషాలు ధారగా పోయండి. చర్మంలోని వేడి నీళ్లలోకి పోతుంది. ఐసు పెట్టకండి, దాంతో చర్మం ఇంకా దెబ్బతింటుంది. తర్వాత శుభ్రమైన బట్ట కప్పి ఆసుపత్రికి తీసుకుపోండి.

పిల్లలకు చూపేటప్పుడు వేడినీళ్లు పెద్దవాళ్లే పట్టుకోవాలి. పిల్లల్ని దూరంగా కూర్చోబెట్టాలి. ముందు అడగండి. తర్వాత చూపండి. పేరు ఆఖరున చెప్పండి.

ఉష్ణవహనం, ఉష్ణసంవహనం, ఉష్ణవికిరణం. మాటలు పెద్దవే. అయినా కూడబలుక్కుని చదివితే వస్తాయి. పిల్లల పక్కన కూర్చుని, వాళ్లతోపాటు మీరూ చదవండి.