పాత్, అపెండ్

1983లో వచ్చిన ఎంఎస్ డాస్ 2.0 ఆపరేటింగ్ సిస్టంతో డిస్కులో డైరెక్టరీలు మొదలయ్యాయి, వాటితోపాటే ఒక చిక్కూ వచ్చింది. ప్రోగ్రాం ఒక డైరెక్టరీలో, మనం మరో డైరెక్టరీలో ఉంటే పేరు కొట్టినా అది నడవదు. అందుకే పాత్ అనే కమాండ్ పెట్టారు. డాస్ ముందు మనమున్న చోట, తర్వాత పాత్‌లో రాసిన డైరెక్టరీల్లో వరుసగా వెతికేది.

కానీ పాత్ వెతికేది కామ్, ఈఎక్స్ఈ, బ్యాట్ ఫైళ్లనే. వర్డ్‌స్టార్ లాంటి ప్రోగ్రాంలకు తోడు ఫైళ్లూ కావాలి. ఆ లోటు తీర్చింది అపెండ్ అనే మరో కమాండ్. వేరే డైరెక్టరీలోని ఫైలు ఇక్కడే ఉన్నట్టు ప్రోగ్రాంకు చూపేది. ఎంత చక్కని ఉపాయం! ప్రమాదమూ ఉంది: అలా తెరిచిన ఫైలును దిద్ది సేవ్ చేస్తే, చాలాసార్లు అసలు చోట కాక మనమున్న డైరెక్టరీలో కొత్త ప్రతి పడేది. మరో జాగ్రత్త: పాత యంత్రాలను నడిపేవారు విండోస్ తెరిచేముందు అపెండ్‌ను తప్పక ఆపేయండి.