ఒక్క పలకల గుంతనైనా ఉండనిద్దాం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామందిమి అఆలు దిద్దింది మార్కాపురం పలక మీదే. దొండాకు, బొగ్గు రాసి దాన్ని నిగనిగలాడించిన వాళ్లం. తర్వాత రేకు పలకలు, ప్లాస్టిక్ పలకలు, నోటుపుస్తకాలు వచ్చాయి. ఇప్పుడా రాయి ఎక్కువగా గచ్చులకు, గోడలకు పోతోంది. విదేశాలకూ వెళుతోంది. తవ్వి వదిలేసిన గుంతలను చెత్తతో పూడిస్తే పోలేదా అనేవారున్నారు. అన్నీ పూడ్చవద్దు, ఒక్కటి మిగల్చండి అని అడగడానికే నేను లేచాను.

ఆ రాయి ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న బురద. భూవిజ్ఞానులు దాన్ని మన కంభం పేరుతోనే పిలుస్తారు. వయసు నూరు కోట్ల ఏళ్లకు పైమాటే. అప్పటికి జంతువులే పుట్టలేదు. అందుకే ఎంత చీల్చినా అందులో గవ్వ దొరకదు. నల్లమల మడతలు పడినప్పుడు ఆ బురదరాయి పక్కల నుంచి నలిగింది. అందులోని సన్నని అభ్రకపు రేకులు ఒత్తిడికి అడ్డంగా వరసకట్టాయి. ఉలి పెట్టి కొడితే పలక ఊడివచ్చేది ఆ వరస వెంట. బురద పేరుకున్న పొర వెంటే చీలుతుందనుకుంటాం గానీ, ఆ రెండూ వేరు. మడత మలుపులో రంగు చారలు ఒక వాలున, చీలిక మరో వాలున ఉంటాయి. మ్యూజియం బల్లమీది ముక్కలో ఇది తెలియదు. గని గోడ ముందు నిలబడాలి.

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. తిరుమల ఘాట్‌రోడ్డు పక్కనున్న రాతి పొరల సంధిని, మంగంపేట ముగ్గురాయిని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవిజ్ఞాన స్మారకాలుగా గుర్తించింది. ఆ ముగ్గురాయి మన పలకరాయికి దగ్గరి చుట్టమే. వేల్స్ దేశపు పలకరాతి గనుల ప్రాంతం 2021లో యునెస్కో జాబితాకెక్కింది. అక్కడ 1969లో మూతపడ్డ డినోర్విక్ క్వారీ పనిశాలల్లో మూడేళ్లకే మ్యూజియం పెట్టారు. రాయి చీల్చే పనితనాన్ని కూడా చూపిస్తారు. మనవాళ్లు ఊపిరితిత్తుల్లోకి దుమ్ము పీల్చుకుంటూ చేసిన ఆ పని మన దగ్గర ఎవరు చూపిస్తున్నారు?

పెద్ద ఖర్చేమీ లేదు. నీళ్లు నిలిచిన గుంతలో పిల్లలు పడకుండా గట్టి కంచె, గోడ చూడటానికి భద్రమైన దారి, తెలుగులో ఒక బోర్డు చాలు. గనుల శాఖకు మన సంఘం తరఫున అర్జీ రాసి తెచ్చాను. భోజనాలకు లేచేముందు సంతకాలు పెట్టండి.