వేటలేని రోజుల్లో రాని టీకా

కోవిడ్‌కాలంలో జనం మధ్య తిరిగి ప్రాణాలు పోగొట్టుకున్న ఆరోగ్య సిబ్బంది స్మృతిలో జరిగే ఈ సభలో మాట్లాడమన్నారు. వాళ్ళను పొగిడి ఊరుకోవడం కన్నా, వాళ్ళు మోసిన టీకా ఎవరికి ముందు చేరిందో, ఎవరికి ఆలస్యమైందో చెప్పుకోవడమే మర్యాద.

నెల్లూరు జిల్లా ముత్తుకూరులో టీకా గురించి మాట్లాడబోతే ముందు ఎదురయ్యేది కోవిడ్‌కని ఇచ్చిన కృష్ణపట్నం మందు. 2021 మే నెలలో నాటువైద్యుడు ఆనందయ్య ఇచ్చే ఆ మందు కోసం వేలమంది అక్కడికి వచ్చారు. మే 21న తొక్కిడి చూసి పంపిణీ ఆపేశారు. మే 31న కంటి చుక్కలు తప్ప మిగతా మందులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. మందు వల్ల హాని కనబడలేదని అనుమతి ఇవ్వడం వేరు, మందు జబ్బును తగ్గిస్తుందనడం వేరు. టీవీ చర్చల హోరులో ఆ తేడా గంగలో కలిసింది.

ఆ జనాన్ని చూసి మూఢనమ్మకం అన్నవాళ్ళు చాలామంది. ఆ మాట నేను సగమే ఒప్పుకుంటాను. మందు ఉచితం. దానికి ఫోనులో స్లాటు అక్కర్లేదు. మరి టీకా సంగతి? మే 1 నుంచి 18 ఏళ్ళు నిండినవాళ్ళంతా అర్హులన్నారు. ఉత్పత్తిలో సగం కేంద్రానికి, పావు వంతు రాష్ట్రాలకు, పావు వంతు ప్రైవేటు ఆసుపత్రులకు అన్నారు. అప్పట్లో కోవిషీల్డ్ డోసు రాష్ట్రానికి 300 రూపాయలు, ప్రైవేటుకు 600. కోవాగ్జిన్ రాష్ట్రానికి 400, ప్రైవేటుకు 1,200. కేంద్రం కొన్నది మాత్రం 150కే. 44 ఏళ్ళలోపువాళ్ళు మొదట్లో కోవిన్‌లో ముందుగా నమోదు చేసుకుంటేనే సూది. ఈ పద్ధతిని సుప్రీంకోర్టు తప్పుపట్టింది కూడా ఆ మే 31నాటి ఉత్తర్వులోనే. యువతకు డబ్బులకు టీకా అనడం పైకి చూస్తేనే అహేతుకంగా ఉందన్నది.

చాలినంత నిల్వ లేక మన రాష్ట్రం 45 దాటినవాళ్ళకే ముందు అన్నది. అది న్యాయమే. చావులు ఎక్కువగా ఆ వయసులోనే కదా. కానీ డబ్బూ ఫోనూ ఉన్న పాతికేళ్ళ కుర్రాడు నగరంలో కార్పొరేట్ ఆసుపత్రికి పోయి వేయించుకోగలడు. రొయ్యల చెరువు కాడ పనిచేసే అదే వయసు కూలీ ఎక్కడికి పోతాడు? టీకా కొనడానికి రాష్ట్రం గ్లోబల్ టెండరు పిలిస్తే ఒక్క కంపెనీ ముందుకు రాలేదు.

ఈ తీరానికి సంబంధించి, పత్రికల్లో పెద్దగా రాని సంగతి ఒకటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. ఆ 61 రోజులు మోటారు పడవలు గట్టునే ఉంటాయి, మొగాళ్ళు ఇళ్ళపట్టున ఉంటారు. మత్స్యకారులుండే పట్టపు పాలేల్లో టీకా వేయడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. 2021లో ఆ రెండు నెలల్లోనే టీకాకు కటకట. జూన్ 7న కృష్ణపట్నంలో మందు పంపిణీ మళ్ళీ మొదలైంది. ఆ సాయంత్రమే ప్రధాని, మొత్తంలో 75 శాతం కేంద్రమే కొని ఉచితంగా ఇస్తుందని ప్రకటించారు. అమలు జూన్ 21 నుంచి. అప్పటికి పడవలు కడలిలోకి వెళ్ళి వారం. వేకువన పోయేవాడికి పగటిపూట టీకా కేంద్రం తెరిచి ఉంటేనేం, మూసి ఉంటేనేం!

రాష్ట్రం చేసిన మంచి పని కూడా చెప్పాలి. జూన్ 20న ఒక్కరోజే 13 లక్షలకు పైగా డోసులు వేశారు. సచివాలయం, వాలంటీరు, ఆశా, ఏఎన్ఎం కలిసి కదిలితే చేతకానిది లేదని ఆరోజు రుజువైంది. ఐదేళ్ళలోపు బిడ్డల తల్లులకు ముందుగా వేయాలన్న నిర్ణయం నాకు ఇంకా నచ్చింది. అంగన్‌వాడీలో పేరున్న బిడ్డ తల్లిని వెతకడానికి యాప్ అక్కర్లేదు. ఆధార్ లేని యానాది గిరిజనుల సంగతికొస్తే, గుర్తింపు కార్డు లేనివాళ్ళకూ వేయవచ్చని కేంద్రం మే నెలకల్లా మార్గదర్శకాలు ఇచ్చింది. కాగితం మీద దారి ఉంది. ఆ దారిన యానాదులుండే సంఘాల దాకా నడిచిపోవలసింది మళ్ళీ ఏఎన్ఎమ్మే.

ఎంతమందికి టీకా వేశారో చెప్పే శాతాలతో నాకున్న పేచీ అక్కడే. మండలం మొత్తానికి వేసిన శాతంలో పాలెం కనబడదు, యానాది సంఘం కనబడదు.

అందుకని ఈ సభలో ఉన్న అధికారులకు నా మనవి. ఏ టీకా అయినా సరే, లెక్కలు పాలెం వారీగా, సంఘం వారీగా రాసి సచివాలయం గోడకు అంటించండి. టీకా తేదీలు పెట్టేముందు వేట ఎప్పుడో, రొయ్యల పట్టుబడి ఎప్పుడో ఊళ్ళో అడగండి.