ప్రోగ్రాముల భాషాంతరీకరణము: కొన్ని విచారములు



ఒక ప్రోగ్రామింగు భాషలో వ్రాసిన కోడును మరియొక భాషలోనికి మార్చుట క్షణములలో ముగియు పనియని నేటి యువకులు పలువురు తలచుచున్నారు. వాక్యనిర్మాణమును మార్చుట నిజముగా సులభమే. 1990 ప్రాంతముననే బెల్ లాబ్స్ మున్నగు సంస్థల పరిశోధకులు రూపొందించిన ఎఫ్‌టుసి అను సాధనము ఫోర్ట్రాన్ ప్రోగ్రాములను సి భాషలోనికి దెచ్చుచుండెను. చిక్కంతయు వేరొక చోట నున్నది.

చిన్న భాగహారమునే చూడుడు. −7 ను 2 చేత భాగించి పూర్ణాంకమును కోరితిమేని, సి భాష −3 అనును, శేషము −1. పైథాన్ −4 అనును, శేషము 1. రెండును తమ తమ నియమములలో నిర్దోషములే. కాని తిథివారముల గణనమును సి నుండి పైథాన్‌లోనికి అక్షరమక్షరముగా దింపుకొన్నవాని ప్రోగ్రాము ఏ ఫిర్యాదును లేక నడచుచు, ధనసంఖ్యలున్నంత కాలము సరియైన ఫలితములనే యిచ్చుచు, మొదటి ఋణసంఖ్య తగిలిననాడు గాని తన లోపమును బయటపెట్టదు. అట్లే కోబాల్‌లో నాలుగంకెల గడిలోనికి 12345 ను పంపినచో సాధారణముగా 2345 మాత్రమే మిగులును. ఎన్నడో ఎవరో ఆ కత్తిరింపునే నమ్ముకొని లెక్క వ్రాసియుండవచ్చును. జావాలోని ఇంట్ ఆ పని చేయదు. రెండువేల సంవత్సరపు సమస్య పుణ్యమా యని అమీర్‌పేటలో కోబాల్ నేర్చినవారికి ఇట్టి గడులు క్రొత్త కావు.

ఈ విద్యలో నాకు ఆదర్శముగా తోచునది డొనాల్డ్ నూత్ రచించిన టెక్ అను అక్షరకూర్పు ప్రోగ్రాము. ఆయన దానిని 1980ల ఆరంభమున పాస్కల్ భాష ఆధారముగా తిరిగి వ్రాసెను. నేడు లోకమున పెక్కుమంది వాడునది వెబ్‌టుసి అను సాధనము సి భాషలోనికి మార్చిన రూపము. ఇంత మార్పునకు లోనయ్యును పంక్తులు విరుగు చోటులు ఏ యంత్రముపైనను మారకుండుటకు కారణము కలదు. పొడవులన్నియు పాయింటులో 65536వ వంతు కొలతగా పూర్ణాంకములలో నుండును. యంత్రమునకొక తీరుగా తేలిపోవు దశాంశగణనమును పంక్తివిచ్ఛేదపు నిర్ణయముల దరికి ఆయన రానీయలేదు. అంతియ కాదు, వివేకము గల ఏ గ్రంథకర్తయు వ్రాయజాలని వికృతపు ఆదేశములతో ట్రిప్ అను పరీక్షాపత్రమొకటి కూర్చి, దానిని నడపగా వచ్చు చిట్టా, అనుమతించిన స్వల్పభేదములు తప్ప, మూలముతో సరిపోలిననే గాని ఏ ప్రోగ్రామును టెక్ అను పేరు ధరింపరాదని శాసించెను. మూలము ఎంత చక్కగా వ్రాయబడినను, ఈ పరీక్షయే లేకున్నచో మార్పిడి చేసినవాని మాటకు విలువ యేమి?

నేటి కృత్రిమమేధా సాధనములు వేయి పంక్తులను ఊపిరి తీయునంతలో మార్చి యిచ్చుచున్నవి. వానిని నేను నిరసింపను. కాని అవి వ్రాసినది చదువుటకు నిండుగా నున్నంత మాత్రమున సరియని యొప్పుకొనుట అవివేకము.

కావున యువమిత్రులారా, టెస్టులు లేని పాత ప్రోగ్రామును మార్చుటకు వెంటనే పూనుకొనకుడు. ముందు దానిని ఉన్నది ఉన్నట్లుగా నడపి, ఋణసంఖ్యలకు, ఖాళీ గడులకు, ఫిబ్రవరి 29 వంటి తేదీలకు అది యిచ్చు జవాబులను, తప్పులతో సహా, భద్రపరచుకొనుడు. గడువు తరుముచున్నదని యజమాని తొందరపెట్టినచో ఆ జవాబుల పట్టికను ఎదుట బెట్టి మరి కొన్ని దినములు అడుగుడు.