కోళ్ల గూటికి ఎంత ఖర్చు పెట్టవచ్చు?

(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



పండుగపూట కోళ్ల గూటి మాటేమిటని కొందరు నవ్వుకోవచ్చు. కాని పెరడున్న మన హోసూరు తెలుగు కుటుంబాలలో చాలామంది, నాలుగు కోళ్లు పెంచుకోవాలని ఉన్నది, గూటికి ఎంత అవుతుందని మమ్ములను అడుగుతున్నారు. మేము రెండు గూళ్లు కట్టించాము. ఒకటి పోగొట్టుకొన్నాము, ఒకటి నిలుపుకొన్నాము. ఆ అనుభవమే మనవి చేస్తున్నాము.

మొదటి గూటికి 3,000 రూపాయలైనవి. సన్నని చెక్కలు, ఆరుమూలల గళ్ల తీగవల. ఆ వల కోడిని లోపల నిలుపుతుంది గాని, కుక్కను బయట నిలుపలేదు. ఏడాది తిరిగేసరికి ఒక రాత్రి వీధికుక్కలు వలను చీల్చి, అయిదు కోళ్లలో మూడింటిని తీసుకొనిపోయినవి. మా అమ్మగారు రెండు రోజులు పెరటివైపు వెళ్లలేదు.

రెండవసారి కొలతలు చూచుకొని కట్టించాము. కోడికి గూటిలో 4 చదరపు అడుగులు కావలెను. అయిదు కోళ్లకు 20. అనగా 5 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. రాత్రి కూర్చొనే కర్రపై కోడికి 8 అంగుళాలు. గ్రుడ్లు పెట్టడానికి అడుగు చదరపు పెట్టెలు రెండు. గూడు ఎత్తు 3 అడుగులైతే నాలుగు ప్రక్కలు కలిపి 54 చదరపు అడుగులు. అర అంగుళం గళ్ల గట్టి జాలీ ధర అడిగి 54తో గుణించండి; ఖర్చులో పెద్ద భాగము తేలుతుంది. తక్కినది కర్ర, రేకు, వడ్రంగి కూలి.

ఈ గూటికి 9,000 రూపాయలైనవి. ఆరేళ్లయినది, చెక్కుచెదరలేదు. ఇప్పుడు లెక్క చూడండి. రాజేంద్రనగరం కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ వంటి కోడి ఏటా 160 గ్రుడ్లు పెడుతుందనుకొంటే, అయిదింటికి 800. మొదటి గూటి ఖర్చు గ్రుడ్డుకు 3 రూపాయల 75 పైసలు పడుతుంది. రెండవదానిది రెండు రూపాయలలోపు. పోయిన కోళ్ల వెల ఇందులో చేర్చలేదు. చవకగూడే మాకు రెట్టింపు ఖరీదైనది!

మేత వేరు. కోడికి రోజుకు సుమారు 110 గ్రాముల చొప్పున అయిదింటికి ఏడాదికి 200 కిలోలు. వంటింటి మిగులు, పెరటి పురుగులు కొంత తగ్గిస్తవి. లాభము కోసము ఈ పని పెట్టుకోవద్దు. ఇంటి గ్రుడ్డు కోసము పెట్టుకోండి.

తయారు గూడు కొనేవారు "పది కోళ్లకు" అన్న మాట నమ్మక, నేల కొలిచి 4తో భాగించండి. వచ్చినదే కోళ్ల సంఖ్య. అద్దె ఇంటివారు యజమాని అనుమతి తీసుకొని, బోల్టులతో విప్పి తీసుకొనిపోగల గూడు చేయించండి. ఇల్లు మారినా గూడు వెంట వస్తుంది.

మన పెద్దలు గంపకింద కోళ్లను మూసి పైన రాయి పెట్టేవారు. గంప చవకే, ఆ రాయి మాత్రము ఒక్క రాత్రీ మరువలేదు. రంగులకు సొమ్ము తగ్గించి, జాలీకి, గడియకు పెట్టండి. చీకటిపడగానే గడియ వేసే పని పిల్లలకు అప్పగించండి.

అందరి పెరళ్లు కళకళలాడుగాక! సెలవు.